“ఆగండి” అనకుండా: ఇంటి స్టూడియోలో మోడల్ సహజ కదలికను ఫొటోలో పట్టుకోవడం ఎలా?

లంగా ఓణీలో ఉన్న అమ్మాయి గిర్రున తిరిగింది. కుచ్చెళ్ళు విచ్చుకున్నాయి, వెలుతురు చక్కగా పడింది, ఫోకసు కుదిరింది. ముఖం మాత్రం లెక్కలు వేసుకుంటున్నట్టు ఉంది. కాలు గుర్తు దాటిందా, చెయ్యి ఎక్కడ ఉంచమన్నారు, కెమెరా వైపు ఎప్పుడు చూడాలి? ఇంటి గదిలో తీసిన కదలిక ఫొటోలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒళ్ళు తిరుగుతూనే ఉంటుంది, మనసు గుర్తు దగ్గర నిలబడిపోతుంది.

మొదట్లో నేనూ నేలమీద టేపుతో గుర్తు వేసి, దానిమీదే తిరగమనేవాణ్ణి. లైటంతా ఆ గుర్తుకే సరిపడేలా పెట్టుకునేవాణ్ణి కాబట్టి ఆమె ఒక అడుగు పక్కకు వేస్తే “ఆగండి, వెనక్కి రండి” అనక తప్పేది కాదు. గంటలో పాతిక సార్లు అలా ఆపితే ఎవరికైనా కదలాలన్న ఉత్సాహం పోతుంది. చాలాకాలం మోడల్‌కు బిడియం ఎక్కువ అనుకున్నాను. లైటును దూరం జరిపిన రోజున కారణం తెలిసింది. అందుకే ఇక్కడ చెప్పేది రెండు పనుల గురించి. మోడల్‌ను ఆపాల్సిన అవసరమే రాకుండా గదినీ లైటునూ ముందుగా సిద్ధం చేయడం మొదటిది. భంగిమ అడగడం మానేసి ఆమెకు ఒక పని అప్పగించడం రెండోది.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద చెబుతాను. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గది. కెమెరా మీద తగిలించుకునే రకం చిన్న ఫ్లాష్‌లు రెండు, ఒక తెల్ల గొడుగు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరా, 35 మిల్లీమీటర్ల లెన్సు. చిన్న సెన్సరు కెమెరా అయితే 23 లేదా 24 మిల్లీమీటర్ల లెన్సు అదే దృశ్యాన్ని చూపిస్తుంది.

ముందు గది

మొదట తలెత్తి ఫ్యాన్ వైపు చూడండి. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి చేతులు పైకెత్తితే వేళ్ళు సుమారు 205 సెంటీమీటర్లకు చేరతాయి. 30 సెంటీమీటర్లు ఎగిరితే 235, అంటే దాదాపు ఏడు అడుగుల ఎనిమిది అంగుళాలు. మన ఫ్లాట్లలో ఫ్యాన్ రెక్కలు అంతకు ఎంతో పైన ఉండవు. ఆపేసినా సరే, రెక్కల కింద ఎవరినీ ఎగరనివ్వకండి. మోడల్ తిరిగే చోటు ఫ్యాన్‌కు పక్కగా ఉండాలి, లేదా ఆ రోజుకు ఫ్యాన్ దింపించాలి.

నేల సంగతి రెండోది. నున్నటి టైల్స్ మీద సాక్సులతో తిరగడం ప్రమాదం. ఉత్త కాళ్ళు, పొడి నేల మంచిది. జంపఖానా పరిస్తే దాని కింద రబ్బరు మ్యాట్ తప్పనిసరి, లేకపోతే తివాచీతో పాటు మనిషి కూడా జారుతుంది. వైర్లను గోడవెంట తీసుకెళ్ళి టేపు వేయండి. స్టాండు కాళ్ళమీద ఐదు కిలోల బియ్యం సంచి పెడితే ఓణీ చెంగు తగిలినా లైటు పడదు. ఇవన్నీ జాగ్రత్తలే అనిపిస్తాయి కానీ ఫొటోలో కనిపించేవి కూడా. కింద పడతానేమో అన్న భయం ముందుగా భుజాల్లో బిగుతుగా తెలుస్తుంది.

15 అడుగులంటే సుమారు నాలుగున్నర మీటర్లు. బ్యాక్‌గ్రౌండ్‌కు మోడల్‌కు మధ్య ఒక మీటరు, మోడల్‌కు కెమెరాకు మధ్య మూడు మీటర్లు, మీ వెనక అరమీటరు. అంతకంటే చిన్న గది అయితే తలుపు తెరిచి హాల్లోంచి తీయండి. నేను చాలాసార్లు అలాగే తీస్తాను. బ్యాక్‌గ్రౌండ్ పేపరు రోలులో రెండు వెడల్పులు సాధారణంగా దొరుకుతాయి: 1.35 మీటర్లు, 2.72 మీటర్లు. కదలికకు మొదటిది చాలదు. పేపరు దొరకకపోతే బూడిదరంగు గుడ్డ బిగుతుగా కట్టి, ఇస్త్రీ చేయండి. ఎందుకు ఇస్త్రీ చేయాలో ఫోకసు దగ్గర చెబుతాను.

గోడలకు లేత ఆకుపచ్చో గులాబీయో రంగు వేసి ఉంటే ఆ రంగు చర్మం మీద తేలుతుంది. మోడల్‌కు దగ్గరగా ఉన్న గోడమీద తెల్ల దుప్పటి వేలాడదీయండి.

లైటును దూరం జరపండి

పోర్ట్రెయిట్ తీసేటప్పుడు లైటు ఎంత దగ్గరైతే అంత మెత్తగా పడుతుందని నేర్చుకుంటాం. కదలికకు ఆ అలవాటు మార్చుకోవాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటు మీటరు దూరంలో ఉండగా మోడల్ అరమీటరు వెనక్కి వేస్తే ఒక స్టాపుకు పైగా, అంటే సగానికి మించి వెలుగు తగ్గిపోతుంది, ముఖం నల్లబడుతుంది. అదే లైటు మూడు మీటర్ల దూరంలో ఉంటే అదే అరమీటరుకు తగ్గేది అరస్టాపు కూడా కాదు. దాన్ని కంప్యూటర్‌లో తేలిగ్గా సరిచేయవచ్చు. అంటే మోడల్‌కు రెండు మూడడుగులు అటూ ఇటూ తిరిగే స్వేచ్ఛ దొరికింది, మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

అందుకే గొడుగును కెమెరా వైపు మూలలో, మోడల్ తలకంటే రెండడుగుల ఎత్తున పెట్టండి. రెండు ఫ్లాష్‌లనూ ఒకే గొడుగులోకి కొట్టండి. వెలుగు కాస్త గట్టిగా ఉంటుంది, నీడలకు అంచులు వస్తాయి. నాకు అది నష్టంగా అనిపించలేదు. ఎగిరే గుడ్డకు ఆ అంచులే ఆకారం ఇస్తాయి.

కదలికను ఆపేది షట్టరు కాదు

చీకటి గదిలో ఫ్లాష్‌తో తీసేటప్పుడు కదలికను నిలిపేది షట్టరు వేగం కాదు, మెరుపు నిడివి, అంటే ఫ్లాష్ వెలిగి ఉండే సమయం. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టరు వేగం 1/200 లేదా 1/250 సెకను. అంతకు మించితే షట్టరు తెర నీడ ఫ్రేములో నల్లటి పట్టీగా పడుతుంది. ఆ వేగం చాలదా అంటే, లెక్క వేద్దాం.

సెకనుకు ఒక చుట్టు తిరుగుతున్న అమ్మాయి లంగా అంచు నడుము నుంచి 70 సెంటీమీటర్ల దూరానికి విచ్చుకుంటుంది అనుకోండి. ఆ అంచు వేగం సెకనుకు 4.4 మీటర్లు. మన ఫ్రేములో మూడు మీటర్ల ఎత్తు 6000 పిక్సెళ్ళలో పడుతుంది, అంటే మిల్లీమీటరుకు రెండు పిక్సెళ్ళు. 1/250 సెకనులో అంచు 17 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే దాదాపు 35 పిక్సెళ్ళ మసక. జరీ అంచు గీతలా సాగిపోతుంది.

ఇప్పుడు ఫ్లాష్ సంగతి. నికాన్ ఎస్‌బీ-800 ఫ్లాష్‌కు కంపెనీ ఇచ్చిన అంకెలు చూడండి. పూర్తి పవర్‌లో మెరుపు నిడివి 1/1050 సెకను, 1/8 పవర్‌లో 1/5900, 1/16లో 1/10900, 1/128లో 1/41600. ఇలాంటి చిన్న ఫ్లాష్‌లు పవర్ తగ్గించమంటే మెరుపును మధ్యలో కోసేస్తాయి. అందుకే తక్కువ పవర్‌లో మెరుపు పొట్టిదవుతుంది. 1/8 దగ్గర లంగా అంచు జరిగేది మిల్లీమీటరు కూడా ఉండదు, పిక్సెళ్ళలో ఒకటిన్నర. పూర్తి పవర్‌లో అంకె బాగానే కనిపించినా నమ్మకండి. ఆ కొలత సాధారణంగా వెలుగు సగానికి పైగా ఉన్న సమయానిదే. తర్వాత సన్నగిల్లుతూ పోయే తోక కూడా గుడ్డమీద మసక రాస్తుంది.

ప్లగ్గుకు తగిలించే పెద్ద స్టూడియో లైట్లు ఉన్నవారు ఒక విషయం గమనించాలి. వాటిలో పాత తరహావి చాలావరకు వోల్టేజీ తగ్గించి పవర్ తగ్గిస్తాయి. అక్కడ పవర్ తగ్గిస్తే మెరుపు ఇంకా పొడవవుతుంది. మాన్యువల్‌లో నిడివి పట్టిక ఉంటుంది, చూడండి.

పట్టిక దొరకకపోతే ఇంట్లోనే పరీక్ష ఉంది. ఆపిన సీలింగ్ ఫ్యాన్ రెక్క చివర తెల్ల టేపు ముక్క అంటించి, ఫ్యాన్ వేసి, చీకట్లో ఒక్కో పవర్‌లో ఒక్కో ఫొటో తీయండి. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ పూర్తి వేగంలో నిమిషానికి 350 చుట్లు తిరిగితే రెక్క చివర సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతుంది, లంగా అంచుకు ఐదు రెట్లు. అక్కడ టేపు ఆకారం గుర్తుపట్టేలా వస్తే మీ లైటు ఏ నాట్యానికైనా సరిపోతుంది.

తక్కువ పవర్‌తో ఇంకో మేలుంది. ఫ్లాష్ వెంటనే మళ్ళీ సిద్ధమవుతుంది. పూర్తి పవర్‌లో మూడు నాలుగు సెకన్లు వేచి ఉండాలి, ఆ మూడు సెకన్లలోనే మంచి క్షణం వెళ్ళిపోతుంది. రీఛార్జి చేసుకునే నికెల్ బ్యాటరీలు రెండు సెట్లు ఉంచుకోండి.

ఫ్లాష్ లేకుండా ఎల్ఈడీ లైటుతో తీయాలంటే షట్టరు కనీసం 1/1000 కావాలి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచాలి. చవక ఎల్ఈడీ బల్బులైతే మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. వేగమైన షట్టరులో అవి అడ్డ చారలుగా కనిపిస్తాయి. ఉదయం కిటికీ వెలుతురు అంతకంటే నయం.

కెమెరా అమరికలు

అన్నీ మాన్యువల్‌లో. షట్టరు 1/200, అపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6, ఐఎస్ఓ 400, ఫ్లాష్‌లు 1/8 దగ్గర మొదలుపెట్టండి. ముందుగా ఫ్లాష్‌లు ఆపేసి ఒక ఫొటో తీయండి. ఫ్రేము నల్లగా రావాలి. గదిలో ఏదైనా కనిపిస్తే కర్టెన్లు మూయండి, ట్యూబులైటు ఆపండి. ఆ మిగిలిన వెలుతురే ఎగిరిన జడ చుట్టూ దెయ్యం నీడలా వస్తుంది.

ఫోకసును మూడు మీటర్ల దగ్గర కుదిర్చి, మాన్యువల్‌లోకి మార్చి వదిలేయండి. 35 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/5.6లో సుమారు 2.1 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా ఆమోదించదగినంత స్పష్టంగా ఉంటుంది. మోడల్ ఎటు జరిగినా ఇబ్బంది లేదు. కాకపోతే బ్యాక్‌గ్రౌండ్ గుడ్డ ముడతలు కూడా అంతే స్పష్టంగా వస్తాయి, ఇస్త్రీ అందుకే. ఆటో ఫోకసు చీకటి గదిలో వెతుక్కుంటూ ఆలస్యం చేస్తుంది. కళ్ళను గుర్తుపట్టే కొత్త కెమెరాలు ఉన్నా, జుట్టు ముఖానికి అడ్డం వచ్చే షూట్లలో నేను ఫోకసు చేతిలోనే ఉంచుకుంటాను.

ఫ్రేము వదులుగా పెట్టండి. 35 మిల్లీమీటర్ల లెన్సు అంచుల దగ్గర చేతులను సాగదీస్తుంది, కాబట్టి చుట్టూ ఖాళీ వదిలి తర్వాత కత్తిరించుకోవడమే మేలు.

బట్టలు, నమ్మకం

తేలిక గుడ్డ ఆలస్యంగా దిగుతుంది, బరువు గుడ్డ గుండ్రంగా విచ్చుకుంటుంది. షిఫాన్ ఓణీ గాలిలో తేలుతుంది, మంచి పట్టు లంగా తిరిగినప్పుడు గంటలా నిలుస్తుంది. రెండూ కలిస్తే ఇంకా బాగుంటుంది. గంజి పెట్టిన నేత చీర కదలికకు పెద్దగా లొంగదు. దాన్ని నడకకే వాడండి.

లంగా లోపల లెగ్గింగ్స్ వేసుకోమని ముందురోజే చెప్పండి. పైట ఎక్కడెక్కడ పిన్ను చేశారో మోడల్‌కు తెలియాలి. బట్ట సర్దాల్సి వస్తే ఆమె చేతో, ఆమెతో వచ్చినవారి చేతో సర్దించండి, మీరు తాకకండి. తోడు ఎవరినైనా తెచ్చుకోమని మీరే అడగండి. కొందరు ఫొటోగ్రాఫర్లు దీన్ని మర్యాద విషయంగా మాత్రమే చూస్తారు. నా అనుభవంలో ఇది ఫొటో విషయం కూడా. పైట జారుతుందేమో అన్న అనుమానం ఉన్న మనిషి ఒక చెయ్యి ఎప్పుడూ భుజం దగ్గరే ఉంచుకుంటుంది.

ఫ్యాన్ ఆపేస్తాం కాబట్టి ఎండాకాలంలో ఏసీ ముందే వేసి గది చల్లబరచండి. మూడు చుట్లకు ఒకసారి ఆగి, తర్వాత రెండో వైపు తిరగమనండి. ఒకే వైపు తిరిగితే కళ్ళు తిరుగుతాయి, ముఖం పాలిపోతుంది.

భంగిమ అడగకండి, పని ఇవ్వండి

“సహజంగా ఉండండి” అన్న మాటతో ఎవరూ సహజంగా మారరు. అది విన్న వెంటనే మనిషి తన చేతులను గమనించుకోవడం మొదలుపెడుతుంది. మనసుకు వేరే పని దొరికితే చేతులు వాటంతట అవే కదులుతాయి.

నేను వాడేవి చాలావరకు చిన్ననాటి ఆటలే. నేలమీద సుద్దతో గళ్ళు గీసి తొక్కుడు బిళ్ళ ఆడమంటాను. గీత తొక్కకూడదన్న పట్టుదలలో ఒంటికాలి మీద ఊగే ఒళ్ళు, పెదవి కొరుక్కోవడం, గెలిచినప్పటి నవ్వు, ఇవేవీ అడిగి తెప్పించలేనివి. ఇద్దరు మోడళ్ళు ఉంటే ఒప్పుల కుప్ప. చేతులు పట్టుకుని వెనక్కి వాలి తిరిగేటప్పుడు ఇద్దరి బరువూ ఒకరిమీద ఒకరికి ఆనుతుంది, ఆ వాలు ఒంటరిగా నటిస్తే రాదు. దీనికి మాత్రం చోటు ఎక్కువ కావాలి, కెమెరా హాల్లోకి వెళ్ళాల్సిందే. ఒక్కరే ఉంటే ఇంకా చిన్న పనులు చాలు: గది చివర నుంచి నడిచొస్తూ ఉండగా వెనక నుంచి ఎవరో పిలిచినట్టు తిరగడం, తడిజుట్టు దులపడం, ఓణీ చెంగుతో నేను విసిరిన ఉన్ని బంతిని పట్టుకోవడం.

నాట్యం నేర్చుకున్న మోడల్ వస్తే పని తేలికవుతుందనుకుంటాం. సగమే నిజం. కూచిపూడి నేర్చుకున్నవారు ప్రతి కదలికనూ అందమైన ముగింపులో నిలుపుతారు, ఫొటో కూడా అక్కడే తీస్తారని ఎదురుచూస్తారు. ఆ ముగింపులు చక్కగా ఉంటాయి కానీ అవి శిక్షణవి. వారితో నేను రెండు దశల్లో పనిచేస్తాను. ముందుగా తకధిమి లెక్కకు అడుగులు వేయిస్తాను. నాలుగు అక్షరాలు నాకూ తెలుసు కాబట్టి ఏ అక్షరం మీద పాదం లేస్తుందో లెక్క పెట్టుకుని నొక్కగలను. తర్వాత మెల్లగా లెక్క పెంచుతాను. అడుగు తప్పుతుంది, నవ్వు వస్తుంది, మళ్ళీ అందుకుంటారు. నాకు కావలసింది ఆ అందుకునే క్షణం.

ప్రతి ఫొటో తర్వాత కెమెరా తెర చూపించకండి. చూసిన వెంటనే మోడల్ తన గడ్డాన్నో నడుమునో సరిదిద్దుకోవడం మొదలుపెడుతుంది. పావుగంటకు ఒకసారి విరామంలో, మీరు ఎంచిన రెండు మూడు మంచివే చూపించండి. మాట్లాడుతూనే ఉండండి, మాట ఆగితే ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

ఎప్పుడు నొక్కాలి?

కంటికి కనిపించాక వేలు స్పందించడానికి సెకనులో నాలుగో వంతో ఐదో వంతో పడుతుంది. ఆపైన కెమెరా ఆలస్యం ఉంది. చూసి నొక్కితే ఫొటోలో దాని తర్వాతి క్షణమే పడుతుంది.

ఎగరడంలో లెక్క మనకు అనుకూలం. 30 సెంటీమీటర్లు ఎగిరిన మనిషి గాలిలో ఉండేది దాదాపు అరసెకను. అందులో సగం సమయం, అంటే పావుసెకను, పైనున్న నాలుగో వంతు ఎత్తులోనే గడుస్తుంది. అక్కడ ఒళ్ళు దాదాపు నిలిచినట్టే. వంగిన మోకాళ్ళు చాపుకోవడం మొదలైనప్పుడు వేలు కదిపితే ఆ పావుసెకనులో పడతారు.

గుడ్డ, జుట్టు మాత్రం ఒంటితో పాటు నడవవు. ఒళ్ళు పైకి పోయేటప్పుడు జడ కిందికి లాగుతుంది, ఒళ్ళు దిగడం మొదలయ్యాక జడ పైకి లేస్తుంది. గిర్రున తిరిగి ఆగినప్పుడూ అంతే. నడుము ఆగిపోయాక లంగా ఇంకా ముందుకు పోయి కాళ్ళకు చుట్టుకుంటుంది. చాలామంది తిరుగుడు మధ్యలో నొక్కి, ఆగగానే కెమెరా దించేస్తారు. దించకండి. కదలిక తోకలో ముఖం అప్పటికే స్థిమితపడి ఉంటుంది, బట్ట ఇంకా సజీవంగా ఉంటుంది. నా దగ్గర మిగిలిన మంచి ఫొటోల్లో ఎక్కువ ఆ తోకలో పడ్డవే.

సెకనుకు పది ఫొటోలు తీసే బర్స్ట్ ఈ పనికి నేను వాడను. ఫ్లాష్‌లు అంత వేగాన్ని ఎక్కువసేపు అందుకోలేవు, వేడెక్కుతాయి, మధ్యలో నల్ల ఫ్రేములు వస్తాయి. ఒక కదలికకు ఒకటి, తోకకు ఇంకొకటి. అలా నాలుగైదు సార్లు చేయిస్తే మోడల్ శ్వాస లయ మీకు తెలిసిపోతుంది.

గుడ్డను వేరొకరు విసిరే పని ఉంటే క్రమం ముఖ్యం. ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో చిత్రకారుడు సాల్వడార్ డాలీని పిల్లులు, నీళ్ళు, కుర్చీతో సహా గాలిలో ఉండగా ఫొటో తీశాడు. మూడు అనగానే సహాయకులు పిల్లులనూ నీళ్ళనూ విసిరేవారు, నాలుగు అనగానే డాలీ ఎగిరేవాడు. కంప్యూటర్లు లేని కాలంలో ఎన్నో సార్లు మళ్ళీ మళ్ళీ చేసి సాధించిన చిత్రమది. ఓణీకి అదే క్రమం పనిచేస్తుంది: మూడుకు సహాయకురాలు చెంగు వదలాలి, నాలుగుకు మోడల్ తిరగాలి. ఎగిరేటప్పుడు మనిషి ధ్యాసంతా ఎగరడం మీదే ఉండి ముఖం మీది ముసుగు జారిపోతుందని హాల్స్‌మన్ నమ్మేవాడు. తొక్కుడు బిళ్ళ ఆడించినప్పుడల్లా నాకు అది నిజమనిపిస్తుంది.

కావాలని మసక తేవాలంటే

ముఖం స్పష్టంగా ఉండి కుచ్చెళ్ళు మాత్రం నీటిలా సాగాలంటే నల్లటి బ్యాక్‌గ్రౌండ్, పక్కనుంచి ఒక ఎల్ఈడీ లైటు, ఫ్లాష్ కావాలి. షట్టరు 1/8 సెకనుకు తగ్గించి, ఫ్లాష్‌ను రియర్ కర్టెన్ సింక్‌లో (షట్టరు మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే అమరిక) పెట్టండి. ఎల్ఈడీ మసకను గీస్తుంది, చివర్లో ఫ్లాష్ ముఖాన్ని నిలుపుతుంది. ఫ్లాష్ మొదట్లో పేలితే మసక మనిషి ముందువైపు పడి, వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. సెకనుకు ఒక చుట్టు తిరిగితే 1/8 సెకనులో 45 డిగ్రీలు తిరిగేస్తారు, అది ఎక్కువ. సగం వేగంతో తిరగమనండి.

ఎంపిక

షూట్ మధ్యలో ఏదీ చెరపకండి. చిన్న తెరమీద పాడైందనిపించినవాటిలో రెండో రోజు మంచివి దొరుకుతాయి. నాకు వంద ఫొటోలకు నాలుగైదు మిగులుతాయి, దాన్ని తక్కువగా అనుకోను. ఎంచేటప్పుడు ముందు పాదాలు చూడండి. నేలను నమ్మిన పాదం, భయపడిన పాదం వేరుగా ఉంటాయి. తర్వాత వేళ్ళు, ఆ తర్వాత కళ్ళు. లంగా ఎంత బాగా విచ్చుకుందో చివరికి చూడండి, లేకపోతే అదే మిగతావన్నీ కప్పేస్తుంది.

ఎగిరిన వెంట్రుకలను కంప్యూటర్‌లో తుడిచేయకండి. చెదిరిన బొట్టు, పక్కకు జరిగిన హారం ఉంచాలా వద్దా అన్నది మోడల్‌ను అడగండి. ఎక్కువమంది ఉంచమంటారు. చివరి నాలుగింటినీ పంపేటప్పుడు మీకు నచ్చినది ఏదో చెప్పకుండా పంపి, ఆమె ఏది ఎంచుకుంటుందో చూడండి. ఆ సమాధానం రాసి పెట్టుకుంటే తర్వాతి షూట్‌కు ఆమెకు ఏ పని అప్పగించాలో అందులోనే దొరుకుతుంది.